ఆటకు రానివ్వండి: సంక్రాంతి గేమింగ్ పోటీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

అమలాపురంలో సంక్రాంతికి వీడియో గేమ్ పోటీలు పెడుతున్న విద్యార్థి మిత్రులకు నమస్కారం.

మీ కరపత్రం చూశాను. పండగ మూడు రోజులూ కోడిపందేల బరులు, పేకాట శిబిరాలు, గుండాటలు నాలుగు దిక్కుల నుంచీ పిలుస్తూ ఉంటే, డబ్బు పందెం లేని పోటీ ఒకటి మన పిల్లలే పూనుకుని నడపడం మామూలు విషయం కాదు. హాలు, కంప్యూటర్లు, జనరేటరు, ఇంటర్నెట్ లైను సమకూర్చడానికి మీరు ఎంత తిరిగి ఉంటారో ఊహించగలను. అందుకు మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. నా అభ్యంతరం కరపత్రం అడుగున ఉన్న రెండు వాక్యాల మీద. 'నిజమైన గేమర్లకు మాత్రమే ప్రవేశం. మొబైల్ బ్యాచ్, క్యాజువల్స్, నూబ్‌లు దయచేసి దూరంగా ఉండగలరు.' క్యాజువల్స్ అంటే సరదాకి ఆడేవాళ్లు, నూబ్‌లు అంటే ఆట రానివాళ్లు. ఆ వాక్యాలను తీసేయమని అడగడానికే ఈ లేఖ. మీలో ఒకరికి ఫోను చేసి చెప్పవచ్చు. కానీ ఈ ధోరణి మీ ఒక్కరిదే కాదు. భీమవరం నుంచి కాకినాడ దాకా కళాశాల హాస్టళ్లలో, ఆటగాళ్ల గ్రూపుల్లో ఇదే మాట వినిపిస్తోంది. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను ఒకప్పుడు ఇక్కడే నెట్ సెంటర్ నడిపాను, ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నాను. ఆడేవాళ్లను చూడటమే నా బతుకుతెరువులో పెద్ద భాగం. నేనూ ఆడతాను.

మన వైపు వీడియో గేమ్ ఎలా వచ్చిందన్నది మీరు పుట్టకముందు సంగతి. 1990లలో వేసవి సెలవులు రాగానే టీవీకి తగిలించే గేమ్ డబ్బాలను రాజమండ్రి, కాకినాడ దుకాణాల నుంచి తెచ్చి గంటల లెక్కన అద్దెకు ఇచ్చేవారు. నింటెండో సంస్థ 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు అవి నకళ్లు. క్యాసెట్టు మీద '9999 ఇన్ 1' అని ఉండేది. లోపల నిజంగా ఉండేవి కొన్ని ఆటలే, వాటినే పేర్లు మార్చి మళ్లీ మళ్లీ చూపించేది. మా తరం మారియో, కాంట్రా అనే ఆటలను నేర్చుకున్నది ఆ నకిలీ డబ్బా మీదే. కరెంటు పోతే ఆట మళ్లీ మొదటికి వచ్చేది. అసలు యంత్రం ఉన్నవాడే అసలు గేమర్ అనే నియమం అప్పుడు ఉండి ఉంటే, గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఒక్క గేమర్ కూడా మిగిలేవాడు కాదు.

తరువాత నెట్ సెంటర్ల కాలం. పరీక్షల ఫలితాలు, ఉద్యోగ దరఖాస్తుల రద్దీ తగ్గగానే కంప్యూటర్లన్నీ లాన్ తీగతో కలిపి కుర్రాళ్లు కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడేవారు. మీ పోటీలో పెద్దపీట వేసిన ఆటే అది. దాని పుట్టుక చూడండి: హాఫ్ లైఫ్ అనే వేరే ఆట మీద 1999లో ఇద్దరు అభిమానులు చేసిన మార్పు కౌంటర్ స్ట్రైక్. మీ జాబితాలో రెండో ఆట డోటా కూడా వార్‌క్రాఫ్ట్ 3 అనే ఆట మీద ఆటగాళ్లు సొంతంగా అల్లుకున్నదే. జీతం లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, ఇష్టం కొద్దీ చేసిన పనుల నుంచి ఈ రెండు ఆటలూ వచ్చాయి. వాటినే ఇప్పుడు ఇష్టం కొద్దీ ఆడేవాళ్లను గుమ్మం దగ్గర ఆపడానికి వాడుతున్నాం. ఇది నాకు మింగుడుపడటం లేదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. 2018లో పబ్జీ మొబైల్ వచ్చింది. నా కంప్యూటర్ల ముందు కుర్చీలు ఖాళీ అయ్యాయి, నేను మరమ్మతు పని నేర్చుకున్నాను. ఆ మార్పు వల్ల నష్టపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి, అయినా దాన్ని తప్పుపట్టలేను. అప్పటిదాకా ఆట అందనివాళ్లకు ఆట అందింది. నెట్ సెంటర్ గడప తొక్కలేని ఆడపిల్లలు, పడవలో ఏరు దాటి రావలసిన లంక గ్రామాల పిల్లలు, రొయ్యల చెరువుల మీద రాత్రంతా నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగకుండా చూసుకునే కాపలాదారులు ఆడటం మొదలుపెట్టింది ఫోను మీదే. మీరు 'మొబైల్ బ్యాచ్' అని ఒక్క మాటతో తోసేసింది వీళ్లందరినీ.

నా బల్ల మీదికి వచ్చే ఫోన్లను బట్టి వాటి యజమానులు ఎలా ఆడుతున్నారో చెప్పగలను. బొటనవేళ్లు ఆనే చోట అరిగిన గాజు, వేడికి ఉబ్బిన బ్యాటరీ, ఛార్జింగ్ పెట్టి ఆడటం వల్ల వదులైన పిన్ను. ఈమధ్య ఒక లంక గ్రామం నుంచి వచ్చిన కుర్రాడి ఫోనులో డిస్‌ప్లే కుడివైపు ఒక పట్టీ మేర టచ్ చచ్చిపోయింది. మార్చడానికి అయ్యే ఖర్చు విని ఇప్పుడు వద్దన్నాడు. మరి ఎలా ఆడుతున్నావని అడిగితే ఆట సెట్టింగ్స్ తెరిచి చూపించాడు. తుపాకీ పేల్చే బటన్, స్కోప్, గెంతడం, వంగడం, ఇలా ఆ పట్టీలో ఉండవలసిన బటన్లన్నిటినీ ఎడమకు జరిపి, మూడు వేళ్లకు అందేలా తిరిగి పేర్చుకున్నాడు. ఇంట్లో సిగ్నల్ నిలవదు కాబట్టి ఏటిగట్టు మీద కూర్చుని ఆడతాడు. అతని ర్యాంకు ఏస్, పై ర్యాంకుల్లో ఒకటి.

దీని విలువ తెలియాలంటే చిన్న లెక్క చూడాలి. అతని ఫోను సెకనుకు 30 ఫ్రేములు చూపిస్తుంది, అంటే ఒక్కో చిత్రం తెర మీద సుమారు 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 120 ఫ్రేముల తెర ముందు కూర్చున్నవాడికి ప్రతి 8 మిల్లీసెకన్లకూ కొత్త చిత్రం వస్తుంది. ఎదుటి మనిషి గోడ చాటు నుంచి బయటికి వచ్చిన సంగతి ఇద్దరిలో ఎవరికి ముందు తెలుస్తుందో చెప్పనక్కరలేదు. దానికి తోడు సర్వరుకు మాట చేరడంలో ఆలస్యం, అదే మీరు పింగ్ అంటారు. తక్కువ చూసి, ఆలస్యంగా చూసి, ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ముందే పసిగట్టి గెలుస్తున్నాడు ఈ కుర్రాడు. ఆట తెలియడం అంటే ఇదే కదా! మీ కరపత్రం లెక్కలో మాత్రం ఇతను నూబ్.

ఆ లెక్క దేన్ని కొలుస్తోందో ఒక్కసారి ఆలోచించండి. ప్లేస్టేషన్ 5 అనే గేమ్ యంత్రం ధర యాభై వేలు దాటింది. మంచి గ్రాఫిక్స్ కార్డులు కొన్ని లక్ష దాటాయి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి బంధువులు దిగుతారు. వారి సంచుల్లో గేమింగ్ ల్యాప్‌టాపులతోపాటు ఈ మాటలు కూడా దిగుతాయి. ఒకే ఇంట్లో అన్నదమ్ముల పిల్లలు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే ఒకడు గేమర్, ఇంకొకడు ఫోను పిచ్చోడు. ఇద్దరి మధ్య తేడా చేతి నైపుణ్యం కాదు, తండ్రుల జీతాలు. సినిమా హాల్లో బాల్కనీకి వేరే దారి ఉండేది, నేల టికెట్టుకు వేరే దారి ఉండేది. కానీ నేల టికెట్టు కొన్నవాడికి సినిమా అర్థం కాదని బాల్కనీలో కూర్చున్నవాడు కూడా అనలేదు. మీరు ఆ మాట కూడా అనేశారు.

పీసీ మీద ఆడేవాళ్లు తమను 'మాస్టర్ రేస్', అంటే అందరికంటే పై జాతి, అని చెప్పుకోవడం మీలో చాలామందికి తెలుసు. 2008లో ఒక ఆంగ్ల సమీక్షకుడు అలాంటి అహంకారాన్ని వెక్కిరించడానికి వాడిన మాట అది. వెక్కిరింతను బిరుదుగా తగిలించుకుని తిరుగుతున్నవాళ్లు మన హాస్టళ్లలో కూడా ఉన్నారు. వాళ్లకు దాని కథ చెప్పండి.

ఫోను ఆట ఆటే కాదనే వాదనకు జవాబు చెప్పడం తేలిక. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు, అంటే వీడియో గేమ్ పోటీలకు, మొదటిసారి పతకాలు ఇచ్చారు. ఆ ఆటల్లో అరీనా ఆఫ్ వేలర్, పబ్జీ మొబైల్‌కు ఆ క్రీడల కోసం మలిచిన రూపం, రెండూ ఫోను మీద ఆడేవే. అంతకుముందు 2018లో జకార్తాలో ప్రదర్శన పోటీగా పెట్టినప్పుడు మన దేశానికి కాంస్యం తెచ్చింది గుజరాత్‌లోని భుజ్‌కు చెందిన తీర్థ్ మెహతా. ఆయన ఆడింది హార్త్‌స్టోన్ అనే పేక ముక్కల తరహా ఆట, ఫోనులో కూడా దొరుకుతుంది. ఆసియా ఖండం ఒప్పుకున్నదాన్ని అమలాపురం ఒప్పుకోకపోవడానికి కారణం నాకు కనిపించలేదు.

'క్యాజువల్' అన్న మాట గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అది ఎక్కువ మందిని గాయపరుస్తోంది. బొమ్మల మిఠాయిలు జరిపే ఆట, ముక్కలు పేర్చే ఆట, లూడో ఆడేవాళ్లు లెక్కలోకి రారని దాని అర్థం. ముక్కలు పేర్చే ఆటల్లో మొదట చెప్పుకోవలసింది టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారు చేశాడు. దాని నింటెండో రూపాన్ని మనిషి చివరంటా ఆడలేడని దశాబ్దాలపాటు అనుకున్నారు. 2023 డిసెంబరులో అమెరికాలో 13 ఏళ్ల బాలుడు 157వ స్థాయికి చేరాడు, అక్కడ యంత్రమే తట్టుకోలేక ఆగిపోయింది. ఆ పిల్లవాడిని క్యాజువల్ అని పిలవగలరా? సంవత్సరాల తరబడి రాత్రి వంట పాత్రలు కడిగాక కాండీ క్రష్ ఆడుతూ వేల స్థాయిలు దాటిన గృహిణులు మన వీధుల్లో ఉన్నారు. వాళ్ల పట్టుదలను ఎవరూ లెక్కించలేదు కాబట్టి అది లేనట్టేనా?

లూడో సంగతి వేరు. అందులో పాచికే పెద్ద దిక్కు, నైపుణ్యం తక్కువ. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కోనసీమ నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి వెళ్లారో మీకు తెలియనిది కాదు. సెలవు దొరికిన శుక్రవారం అక్కడి తల్లి, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఇక్కడి కొడుకు ఫోనులో లూడో ఆడుకుంటారు. మాటల్లో అడిగితే చెప్పని బడి సంగతులు వాడు పావు కదుపుతూ చెబుతాడని ఆ అమ్మమ్మే నా దుకాణంలో చెప్పింది. ఆ ఆట గురించి తక్కువగా మాట్లాడటానికి నాకు నోరు రాదు.

ఇక సులువు పద్ధతిలో ఆడేవాళ్లను వెక్కిరించడం. కష్టమైన స్థాయి పెట్టుకోనివాడు ఆట ముగించినట్టు కాదని మీలో కొందరు గట్టిగా వాదిస్తారు. 2019లో సెకిరో అనే చాలా కష్టమైన ఆట వచ్చినప్పుడు దీని మీద లోకమంతా గొడవపడింది. తాను ఎంత కష్టమైన ఆట తయారు చేయాలో నిర్ణయించుకునే హక్కు తయారీదారుకు ఉంది, కాదనను. కష్టమైన ఆట గెలిచినప్పటి ఆనందం నాకూ తెలుసు. కానీ సులువు కోరినవాడు తక్కువవాడని అనడం దేనికి? కాంట్రాలో ముప్పై ప్రాణాలు ఇచ్చే రహస్య సూత్రం మా తరంలో అందరికీ కంఠతా వచ్చు: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, చివర బి, ఎ. దాన్ని మొదట 1986లో గ్రేడియస్ అనే ఆటలో పెట్టినవాడు ఆ ఆటను ఇంటి యంత్రానికి మార్చిన కజుహిసా హషిమోటో. పరీక్షించడానికి ఆడుతుంటే తనకే కష్టంగా ఉందని పెట్టుకున్నాడు. ఆట చేసినవాడే సులువు దారి వేసుకున్నాడు, ప్రపంచమంతా ఆ దారిని ప్రేమించింది. 2018లో సెలెస్టే అనే ఆట వేగం తగ్గించుకునే సహాయ పద్ధతిని ఇచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ చేతులు సరిగా కదపలేనివారి కోసం ప్రత్యేక కంట్రోలర్ తెచ్చింది. మీ హాలుకు చక్రాల కుర్చీలో ఒక పిల్లవాడు వస్తే 'నూబ్‌లు దూరంగా ఉండగలరు' అన్న మాట ఎవరి కంట పడుతుందో ఆలోచించారా?

అమ్మాయిల విషయం అన్నిటికంటే బాధాకరం. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. స్క్వాడ్‌లో, అంటే జట్టుగా, ఆడుతుంది, బాగా ఆడుతుంది. మైక్ మాత్రం వేయదు. పేరు కూడా అబ్బాయిదో అమ్మాయిదో తెలియనిది పెట్టుకుంది. ఎందుకని అడిగితే, గొంతు వినిపించిన మరుక్షణం ఆట ఆగిపోయి ప్రశ్నలు మొదలవుతాయని చెప్పింది. నీ ఐడీతో ఆడుతున్నది మీ అన్నయ్యా? ఏ ఊరు? ఫొటో పెట్టు. చనిపోతే 'అమ్మాయిలింతే', గెలిస్తే 'ఎవరో ఆడిపెట్టారు'. ఈ ఆటల్లో శత్రువు ఎటు నుంచి వస్తున్నాడో జట్టుకు నోటితో చెప్పడం సగం బలం. ఆ సగం బలాన్ని వదులుకుని ఆమె ఆడుతోంది. నోరు మూసుకుని ఆడితేనే ఆడనిచ్చే చోటును నిజమైన గేమర్ల చోటు అని మీరు పిలుస్తుంటే నాకు కోపం వస్తోంది. తండ్రిగానే కాదు, ఆటగాడిగా కూడా. మీ కరపత్రంలో ఆడపిల్లలు రావద్దని లేదు, నిజమే. కానీ నిజమైనవాళ్లు ఎవరో తేల్చే పని మొదలైన ప్రతిచోటా ముందుగా ప్రశ్నించేది వాళ్లనే.

పేర్లు పెట్టడమే తప్పని నేను అనడం లేదు. కొన్ని విభజనలు ఆటకు అవసరం. కంచు, వెండి, బంగారం అని ర్యాంకులు ఉండటం వల్లే కొత్తవాడు మొదటి రోజే ఆరితేరినవాడి చేతిలో పడకుండా ఉంటాడు. కంప్యూటర్‌ను ఫోనులా పనిచేయించే ఎమ్యులేటర్ పెట్టి పబ్జీ మొబైల్ ఆడేవాళ్లను వాళ్లలో వాళ్లకే జత కలపడం న్యాయం, ఎందుకంటే మౌస్‌కు వేలు సమానం కాదు. అన్నిటికంటే ముఖ్యమైన గీత 2025 ఆగస్టులో పార్లమెంటు గీసింది: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ఆన్‌లైన్ రమ్మీలో పొలం అమ్ముకున్నవాడినీ, సాయంత్రం గంటసేపు ఆడుకునే పిల్లవాడినీ ఒకే గాటన కట్టే పెద్దలకు ఆ గీత చూపించగలుగుతున్నాం. ఇవన్నీ ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పేర్లు. మీ కరపత్రంలోవి ఎవరు ఆడకూడదో చెప్పే పేర్లు.

మనందరికీ బయటివాళ్లు పెట్టిన పేరు కూడా ఒకటి ఉంది: చెడిపోయినవాళ్లు. ఆట వ్యసనమయ్యే మాట నిజమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుల పట్టికలో చేర్చింది. కానీ అదుపు తప్పడం, మిగతా జీవితమంతా వెనక్కిపోవడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇదంతా సాధారణంగా ఏడాదిపాటు కనిపిస్తేనే ఆ మాట వాడాలని జాగ్రత్తగా రాసింది. మన చుట్టాలు ఫోను చేతిలో కనిపించగానే వాడేస్తారు. అలా ముద్ర వేయించుకోవడం ఎలా ఉంటుందో మీకు బాగా తెలుసు. తెలిసీ మీకంటే చిన్న ఫోను ఉన్నవాడి మీద ఇంకో ముద్ర వేయడం నాకు అర్థం కావడం లేదు.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఉన్న కంప్యూటర్లు కొన్నే, తలుపు తెరిస్తే వందల మంది వస్తారు, ఫోన్లలో మోసపు యాప్‌లు పెట్టుకుని వచ్చేవాళ్లు ఉంటారు. వీటికి మార్గాలు ఉన్నాయి. కంప్యూటర్ ఆటలకు ముందుగా అర్హత పోటీ పెట్టండి, గెలిచినవాళ్లే హాల్లోకి వస్తారు. ఫోను ఆటలకు కస్టమ్ రూమ్, అంటే మీరు పిలిచినవాళ్లే చేరే ఆట గది, పెడితే కంప్యూటర్లతో పనే లేదు. వచ్చిన ప్రతి ఫోనునూ ఆటకు ముందు పరిశీలించవచ్చు. కొత్తవాళ్లకు వేరే విభాగం పెట్టండి, దానికీ చిన్నదైనా బహుమతి ఉండాలి. మారుపేరుతో నమోదు చేసుకునే వీలు ఇవ్వండి, గుర్తింపు కార్డు మీ దగ్గర చూపిస్తే చాలు. మైక్‌లో అమ్మాయిలను వేధించినవాడిని ఎంత గొప్ప ఆటగాడైనా అక్కడికక్కడే పంపేయండి, ఆ నియమాన్ని కరపత్రంలోనే పెద్ద అక్షరాలతో అచ్చు వేయండి. ఆట స్థాయి పడిపోతుందని భయపడకండి. చివరి రోజు వేదిక మీద ఎవరు ఉండాలో ఆటే తేలుస్తుంది.

నా వంతుగా చేయగలిగింది ఇదీ. పోటీ జరిగే రోజుల్లో హాలు బయట పనిముట్లతో బల్ల వేసుకుని కూర్చుంటాను. ఆడటానికి వచ్చినవాళ్లలో ఎవరి ఫోను చెడినా కూలి తీసుకోకుండా బాగుచేస్తాను, విడిభాగాల ఖర్చు మాత్రం వాళ్లు పెట్టుకోవాలి. ఫోన్ల పరిశీలనకు మనిషి కావాలంటే అదీ చేస్తాను. దుకాణంలో ఉన్న పాత ఫోన్లు కొన్ని ఆడటానికి పనికొచ్చేలా సిద్ధం చేసి ఇస్తాను, సొంత ఫోను లేనివాళ్లకు ఇవ్వండి. కరపత్రం మార్చి మళ్లీ అచ్చు వేయిస్తే ఆ ఖర్చులో సగం నాది. పేర్ల నమోదు మొదలయ్యేలోపు మీ నిర్ణయం చెప్పండి.

ఇట్లు,
మీ ఊరి ఫోన్ల మరమ్మతు దుకాణదారు
అమలాపురం